తలుపులకు నూనె

మార్చి 4, సోమవారం

అక్క పుస్తకం వచ్చింది. ఇంటికి కాకుండా నేను పనిచేసే బట్టల షాపుకి పంపింది. ఇంటికి పంపితే నాన్న కంటపడుతుందని దాని భయం. మా అక్కకి తెలివి ఎక్కువ, మనుషుల మీద నమ్మకం తక్కువ.

అట్ట మీద సగం తెరిచిన తలుపు బొమ్మ. వడ్రంగి కూతురు అంతకంటే ఏం వేయించుకుంటుంది! లోపల మొదటి పేజీలో "చెల్లికి, అన్నీ తెలిసినదానికి" అని అచ్చు వేయించింది. నాకేం తెలుసు? ప్యాంటు పొడుగైతే కింద ఎంత మడిచి కుట్టాలో తెలుసు. నడుము బిగుతైతే ఎక్కడ విప్పాలో తెలుసు. వెనక అట్ట మీద ఎవరో లెక్చరర్ గారు "ఈ ఆత్మకథలో గడియ కేవలం గడియ కాదు, అదొక ప్రతీక" అని రాశారు. షాపులో ఉన్నానని మర్చిపోయి పైకే నవ్వేశాను. ఓనరమ్మ కళ్ళజోడు మీదుగా చూసి, "ఏంటమ్మాయ్, కస్టమర్ కొలతలు అంత నవ్వొస్తున్నాయా?" అంది.

గడియ గడియే సారూ. నాలుగు స్క్రూలూ ఒక ఇనపముక్కా.

ఇంటికొచ్చి పుస్తకాన్ని గుడ్డముక్కల సంచిలో అడుగున పెట్టాను. నాన్న హాల్లో స్టూలు కాలు బిగిస్తున్నాడు. జనవరి నుంచీ మా దగ్గరే ఉంటున్నాడు. అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చేయమన్నారట. ఎందుకని నేను అడగలేదు. మావారు లారీ మీద నెలలో సగం రోజులు బయటే ఉంటారు. ఇంట్లో ఒక మగదిక్కు ఉన్నట్టుంటుందని ఆయనే రమ్మన్నారు. నాన్నలో ఇంకేం మిగిలింది కనక, ఎముకలూ దగ్గూ తప్ప.

మార్చి 6, బుధవారం

షాపులో మధ్యాహ్నం పని లేకపోతే చదువుతున్నాను. అక్క బాగా రాస్తుంది, కాదనను. కానీ ఏం రాసిందో!

నాన్నకి లోపల ఏదో తిరగబడే ముందు గుర్తులు కనిపించేవట. మొదట ఇంట్లో తలుపులన్నిటికీ నూనె వేసేవాడట. తర్వాత ఈలపాటలు, కబుర్లు, మాకు చాక్లెట్లు. ఆ తర్వాత శుభ్రం చేస్తానని గదుల గడియలన్నీ ఊడదీసేవాడట. ఇక ఆ ఇంట్లో ఎవరూ ఏ గదిలోనూ తలుపేసుకోలేరు. అప్పుడు మొదలయ్యేదట. మర్నాడు సామాను బండికెక్కించి ఇంకో ఇల్లు, ఇంకో బడి. కిటికీల్లోంచి చూసే ఇరుగుపొరుగు మాత్రం అన్నిచోట్లా ఒకటేనట.

అబద్ధమని అనను. గోరంతని కొండంత చేసింది. నాన్న కొట్టేవాడు, నిజమే. ఆ రోజుల్లో కొట్టని తండ్రి ఎవడు? ఇళ్ళు మారామంటే అద్దెలు పెరిగి మారాం. నూనె అంటే మౌనమట, గడియ అంటే భద్రతట. చిన్నప్పుడు దానికి ఇవన్నీ ఎక్కడ తెలుసు? అన్నం తినడానికే ఏడ్చేది.

నా మోచేయి మీద ఏకంగా ఒక అధ్యాయం రాసింది. గడియ లేని తలుపుని నేను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డానట. నాన్న అవతలినుంచి ఒక్క తోపు తోశాడట. ఆ రోజునుంచీ నా కుడిచెయ్యి పూర్తిగా చాపడానికి రాదట. చాపడానికి రాదన్న మాట ఒక్కటే నిజం. నేను మెట్ల మీంచి పడ్డాను. నా చెయ్యి సంగతి నాకు తెలీదా?

అక్కడితో మూసేశాను. ఇక చదవను.

మార్చి 7, గురువారం

మెట్ల మీంచే పడ్డాను.

మార్చి 10, ఆదివారం

నాన్న పొద్దున్నే నా కుట్టుమిషను నూనె డబ్బా తీసుకుని ఇల్లంతా తిరిగాడు. మా పిడుగు కూడా వెంటపడింది. నాలుగో తరగతి చదువుతున్న ఈ పిల్లకి ఏదైనా విప్పుతున్నారంటే చాలు, చదువు గుర్తుకురాదు. తాతా మనవరాలూ తలుపు తర్వాత తలుపు తెరిచి మూసి, చెవి పెట్టి విన్నారు.

"ఇల్లన్నాక తలుపు అరవకూడదమ్మా. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందరికీ చాటింపు ఎందుకు?" అన్నాడు నాన్న.

"ఇప్పుడు తాతయ్య వెనకనుంచి వచ్చినా మనకి తెలీదు!" అని పిడుగు గంతులేసింది. అందరం నవ్వాం.

మా ఇల్లు పాతది. వీధి తలుపు తీస్తే మూడిళ్ళ దాకా వినపడేది. ఎన్నాళ్ళనుంచో మావారికి చెప్తున్నాను, ఆయన విననే లేదు. ఇప్పుడు హాయిగా ఉంది.

మార్చి 13, బుధవారం

అక్క ఫోన్ చేసింది.

"చదివావా?"

"కొంచెం. నాన్న మీద అంత కసి ఎందుకే నీకు?"

"కసి కాదు. రాయకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఆయన ఎలా ఉన్నాడు?"

"బంగారంలా ఉన్నాడు. పిల్లని బడికి దింపుతున్నాడు. తలుపులకి నూనె కూడా వేశాడు, నీ పుస్తకంలోలాగ." నేను ఆట పట్టించడానికే అన్నాను.

అది నవ్వలేదు. "చిన్నీ, పిల్లని తీసుకుని నా దగ్గరికి వచ్చెయ్యి. నాలుగు రోజులుండు" అంది.

"నీకు పుస్తకం తలకెక్కింది. ఒకటి చెప్పు, నా చెయ్యి గురించి ఎందుకలా రాశావు? నేను మెట్ల మీంచి పడ్డానని అమ్మ డాక్టరుకి చెప్పలేదా?"

"చెప్పింది. ఆ ఇంట్లో మెట్లెక్కడున్నాయే?"

మిషను మీద పని ఉందని ఫోన్ పెట్టేశాను. ఏవో ఉండే ఉంటాయి. పక్కింటివాళ్ళవైనా అయ్యుంటాయి.

మార్చి 16, శనివారం

నాన్న ఈ మధ్య మహా హుషారుగా ఉన్నాడు. పొద్దున లేస్తూనే ఈలపాట. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే చొక్కాజేబులో చిల్లర గలగలలాడుతోంది. పిల్లకి చాక్లెట్లు కొనడానికి ఉంచుకుంటున్నాడు. దాని పళ్ళు పుచ్చిపోతాయని నేనంటే, "నీ పళ్ళు పుచ్చాయా?" అని వెక్కిరించాడు. ఇలా నవ్వుతూ ఉంటే ఎంత బాగుంటాడో.

స్నానాలగది గడియ తుప్పు పట్టిందని తీశాడు. శుభ్రం చేసి పెడతానన్నాడు. పిడుగు స్నానం చేస్తున్నంతసేపూ గొంతు చించుకుని పాటలు పాడుతోంది. పిల్ల కూడా తాతని చూసి హుషారు నేర్చుకుంది.

మార్చి 19, మంగళవారం

పిడుగు బూట్లు వేసుకునే పడుకుంది. దుప్పటంతా మట్టి. ఉతికేది నేను కదా, చెడామడా తిట్టాను. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే పిల్ల, ఊరికే నా మోచేతి వంక చూస్తూ కూర్చుంది.

సాయంత్రం నాన్న టీ తాగుతూ, "మీ అక్క నా మీద పుస్తకం రాసిందటగా?" అన్నాడు. మంగలిషాపులో ఎవరో చెప్పారట.

"నీ మీద కాదు నాన్నా. ఏవో చిన్ననాటి కబుర్లు."

"రాయనీ. పిల్లలు పేరు తెచ్చుకుంటే తండ్రికి సంతోషమే కదా." నవ్వుతూనే ఉన్నాడు. "నువ్వు చదివావా?"

"నాకెక్కడ తీరిక?"

"అదీ నిజమే. నువ్వు మొదటినుంచీ మంచిపిల్లవి" అని లేచి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

కోపం తెచ్చుకోలేదు. అక్క దగ్గరుండి చూడాల్సింది. మనుషులు మారతారు.

మార్చి 22, శుక్రవారం

పడకగది గడియ కూడా తీశాడు. పాడైపోయిందట. నాకు బాగానే కనిపించింది, కానీ వడ్రంగికి తెలిసినట్టు మనకి తెలుస్తుందా?

తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నాం. గాలికి తలుపు కొట్టుకుంటోందని పెట్టాను. పెద్దగా గాలి లేదు.

మార్చి 24, ఆదివారం, పొద్దున

లైబ్రరీ మేడ మీద అక్క పుస్తకానికి సభ. రానంటే వినలేదు. "నువ్వు రాకపోతే ఆ పుస్తకం సగమే" అంది. సరే, ఒక చీర కట్టుకుని ఒక మూల కూర్చుని వస్తే దాని ముచ్చట తీరుతుంది.

పిడుగుని తీసుకెళ్దామనుకున్నాను. నాన్న, "దాన్నెందుకు ఆ ఉపన్యాసాల్లో కూర్చోబెడతావు? ఇక్కడే ఉండనీ, ఇద్దరం కలిసి తలుపులకి రంగు వేస్తాం" అన్నాడు. పిడుగు గుమ్మం దాకా వచ్చి, "ఎప్పుడొస్తావు?" అని అడిగింది. చెప్పాను. చెప్పులేసుకుంటుంటే మళ్ళీ అడిగింది.

నాన్న వెనక నిలబడి టాటా చెప్పించాడు. జేబులో గలగల. అన్నీ బాగానే ఉన్నాయి. బస్సులో కూర్చుని రాస్తున్నాను, పెన్ను సరిగ్గా రాయడంలేదు.

మార్చి 25, సోమవారం

షాపులో కూర్చుని రాస్తున్నాను. ఓనరమ్మ వెనక గది తాళం నాకే ఇచ్చింది. ఎందుకని ఆవిడ అడగలేదు.

నిన్న సభలో లెక్చరర్ గారు చాలాసేపు మాట్లాడారు. మంచాయనే. నూనె సమాజపు మౌనానికి ప్రతీక, గడియ స్త్రీకి లేని స్వేచ్ఛకి ప్రతీక అని ఒక్కొక్కటీ విప్పి చూపించారు. జనం తలలూపారు. నేను నా చీరకుచ్చిళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను. తర్వాత ఎవరో అమ్మాయి లేచి అడిగింది.

"మేడమ్, ఆ గడియని ప్రతీకగా వాడాలని మీకు ఎప్పుడు తోచింది?"

అక్క మంచినీళ్ళు తాగింది. "నాకు తోచలేదమ్మా. గడియలు నిజంగానే ఉండేవి కావు. వాటి స్క్రూలు ఆయన జేబులో ఉండేవి."

అందరూ చప్పట్లు కొట్టారు. అది కూడా ప్రతీకే అనుకున్నట్టున్నారు.

అక్క పుస్తకం తెరిచి నేను చదవకుండా వదిలేసిన అధ్యాయం చదివింది. గడియ లేని స్నానాలగదిలో, లోపల మనిషి ఉందని తెలియడానికి మేమిద్దరం గట్టిగా పాటలు పాడేవాళ్ళమట. ఏ క్షణాన పరిగెత్తాల్సి వస్తుందోనని చెప్పులు విప్పకుండా పడుకునేవాళ్ళమట. నాన్న నడుస్తుంటే జేబులో స్క్రూలు గలగలలాడేవట. "ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ మాకు ఇంకా సమయం ఉన్నట్టే. చప్పుడు ఆగిందంటే, స్క్రూలన్నీ జేబులోంచి తీసి కాగితం మీద పరుచుకుని కూర్చున్నాడని అర్థం. ఇక ఎవరినీ వదలడు."

నాన్న దగ్గర చిల్లర ఎక్కడిది? మంగలికి కూడా నేనే ఇస్తాను.

కుర్చీలోంచి ఎలా లేచానో తెలీదు. ముందువరసలో ఎవరి కాలో తొక్కాను. వెనకనుంచి అక్క "చిన్నీ!" అని మైకులోనే అరిచింది. బస్సులో నిలబడ్డాను, సీటున్నా కూర్చోలేకపోయాను. నా పక్కన ఒకావిడ, "ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అమ్మా?" అంది. తలూపాను. ఇన్నేళ్ళలో నేను ఒప్పుకున్న మొదటి నిజం అదే, అదీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషితో.

వీధి తలుపు తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది. నాన్న హాల్లో కింద కూర్చున్నాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. ముందు న్యూస్‌పేపరు. దాని మీద గడియలు, పక్కన స్క్రూలు, సుత్తి. ఈల వేస్తున్నాడు. రంగు డబ్బా మూత కూడా తీయలేదు.

"అప్పుడే వచ్చేశావే!"

"పిడుగేది?"

"గదిలో దాక్కుంది. తలుపు తియ్యమంటే తియ్యట్లేదు. పెంకితనం బాగా పెరిగింది దానికి." సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. "నేర్పాలి."

పడకగది తలుపు తోశాను. వేలు పట్టేంత కదిలి ఆగిపోయింది. గడియ లేని తలుపు.

"నేనేనమ్మా."

లోపల్నుంచి చిన్న గొంతు. "ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ముడి విప్పిన చప్పుడైంది. పిడుగు తన గెంతుడు తాడుని తలుపు పిడికి చుట్టి, తలుపు పక్కనే ఉన్న కిటికీ ఊచలకి బిగించి కట్టింది. కాళ్ళకి బూట్లున్నాయి. మంచం మీద స్కూలుబ్యాగు సర్దిపెట్టి ఉంది, పైన అక్క పుస్తకం. నేను గుడ్డముక్కల అడుగున దాచిన పుస్తకం. ఎప్పుడు తీసిందో, ఎన్నిసార్లు చదివిందో, పేజీల మూలలు మడిచి ఉన్నాయి.

"ఎవరు చెప్పారమ్మా నీకు ఇలా కట్టమని?" అన్నాను.

"పుస్తకంలో నువ్వు తలుపు పట్టుకున్నావు కదా. పట్టుకుంటే చెయ్యి విరుగుతుందని పెద్దమ్మ రాసింది. అందుకే నేను పట్టుకోలేదు, తాడు కట్టాను."

గడియ దేనికి ప్రతీకో అది అడగలేదు. ఇంట్లో గడియలు పోతుంటే ఏం చెయ్యాలో చదువుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల నాకంటే ముందు చదివింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది. రెంటికీ అప్పుడు టైము లేదు.

వెనక నాన్న లేచాడు. ఈల ఆగింది. నేను బయటికొచ్చి తలుపు నా వెనక వేసి, "తాడు కట్టుకో" అన్నాను. ముడి బిగించేదాకా అక్కడినుంచి కదల్లేదు.

"ఏంటి తల్లీకూతుళ్ళ రహస్యాలు?" అన్నాడు నాన్న. మొహంలో ఇంకా నవ్వుంది. కళ్ళలో లేదు. ఆ కళ్ళు నాకు తెలుసు. అమ్మ వాటిని చూసి పొయ్యి ఆర్పేసేది.

"స్క్రూలు ఇవ్వు నాన్నా." చెయ్యి చాపాను. చాపగలిగినంత.

వంకర మోచేతిని చూశాడు. ఎన్నో ఏళ్ళకి మొదటిసారి దాన్ని సూటిగా చూశాడు. "మెట్ల మీంచి పడ్డావు నువ్వు" అన్నాడు మెల్లగా, నాకు పాఠం గుర్తుచేస్తున్నట్టు.

"ఆ ఇంట్లో మెట్లు లేవు నాన్నా."

సుత్తి నా చెవి పక్కన ద్వారబంధానికి తగిలింది. గోడ పెచ్చులు భుజం మీద రాలాయి. మళ్ళీ ఎత్తాడు. నేను అరిచాను. చిన్నప్పుడు అరవకూడదనేది అమ్మ. ఇరుగుపొరుగు వింటారని. నిన్న విన్నారు. ముందింటి మెకానిక్, వాళ్ళన్నయ్య, చేతికి గ్రీజు కూడా తుడుచుకోకుండా వచ్చి పట్టుకున్నారు. వాళ్ళ వెనకే అక్క ఆటో దిగింది, సభలో వేసిన పూలదండ ఇంకా చేతిలోనే ఉంది.

మనుషుల్ని చూడగానే నాన్న ఎలా మారిపోయాడంటే! సుత్తి కిందపెట్టి, చొక్కా సర్దుకుని, "ఏం లేదు బాబూ, పిల్లతో ఆడుకుంటున్నా. మా అమ్మాయికి కంగారెక్కువ" అన్నాడు. వాళ్ళు నా వంక చూశారు. అమ్మయితే "అవును బాబూ" అనేది.

"ఆయన్ని బయటికి పంపించండి" అన్నాను.

పనిసంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. పోలీసులకి చెబుదామని అక్క అంది. చెప్పాం. రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు నాన్న గేటు దగ్గర ఆగి, వీధి తలుపు మడతబందు వంక మురిపెంగా చూసుకుని, "ఎక్కడికి పోతానమ్మా, ఇల్లు తెలుసుగా" అన్నాడు. మలుపు తిరిగేదాకా ఈల వినిపించింది.

మార్చి 28, గురువారం

నాన్న ఎక్కడున్నాడో తెలీదు. మంగలిషాపుకి రాలేదట.

మావారు వచ్చారు. లారీ ఎక్కనని కూర్చున్నారు. ఎన్నాళ్ళని కూర్చుంటారు?

మార్చి 31, ఆదివారం

గడియలన్నీ నేనే బిగించాను. మంచి స్క్రూలు, పొడుగువి. చెయ్యి చాపడానికి రాకపోతే స్టూలెక్కాను. పిడుగు లోపల నిలబడి ఒక్కొక్కటీ వేసి, "తొయ్యమ్మా!" అంది. తోశాను. "ఇంకా గట్టిగా!" భుజంతో తోశాను. రాలేదు. లోపల్నుంచి నవ్వింది. ఈ రెండు వారాల్లో ఆ నవ్వు వినడం ఇదే మొదటిసారి.

అక్క ఫోన్ చేసింది. రెండో ముద్రణ వేస్తున్నారట. ఏమైనా మార్చాలా అని అడిగింది. నా మోచేయి అధ్యాయం తీసెయ్యమంటానేమోనని దాని భయం. అక్షరం ముట్టుకోవద్దన్నాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం. అదెందుకో బాగా ఏడ్చింది. నేనూ తక్కువేం కాదు.

సాయంత్రం సబ్బునీళ్ళూ పాతగుడ్డా తీసుకుని మడతబందులన్నీ కడిగాను. నూనె వదిలేదాకా తోమాను. మావారు చూసి, "ఎన్నాళ్ళో సణిగావు కదా అరుస్తోందని, ఇప్పుడిదేంటి?" అన్నారు. అరవనివ్వండి అన్నాను. మూడిళ్ళ దాకా వినపడాలి.

ఆరిపోయాక పడకగది తలుపు తీసి చూశాను. కిర్రుమంది. పాత గొంతే.

"ఎవరూ?" పిడుగు మంచం మీంచి అంది.

"నేనేనమ్మా."

"ఒక్కదానివేనా?"

వెనక్కి తిరిగి హాలంతా చూసి, అప్పుడు చెప్పాను, ఒక్కదాన్నే అని.